గృహప్రవేశం పాలు ఎవరు విరగ్గొట్టారు?

చదువునంతా ఒక గిన్నె పాల మీద పందెం కాసి, గెలిచి కూడా పరువు పోగొట్టుకున్న ఘనత నాది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత తీరిక దొరకదు. ఎంత వేడికి ప్రోటీన్ మడతలు విడిపోతాయో, కోడిలోనూ బాతులోనూ ఉన్న ఒకే రకం ప్రోటీన్‌లో దేనిది ఎక్కువ వేడికి ఆగుతుందో కొలవడం నా పరిశోధన. కాబట్టి తల కొంచెం ఎగిరే ఉండేది.

మన్సూరాబాద్‌లో మా అన్న కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. వదినది విజయవాడ. ఆ సంబంధం మా పెద్దమ్మకు మొదటినుంచీ గిట్టదు. వదిన ఇత్తడి గిన్నెలో పాలు పెట్టింది. పొంగాల్సిన పాలు కాస్తా విరిగి ముద్దలయ్యాయి.

"సూసిన్రా? కోడలు చెయ్యి పెట్టంగనె ఇరిగినయి. ఇంటికి మంచిది గాదు," అంది పెద్దమ్మ.

"నేనేం చేశానండీ?" వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు ఒళ్లు మండింది. "పాలల్ల ఉన్నది ప్రోటీన్ పెద్దమ్మా! వేడికి పులుపు తోడైతే గడ్డకడ్తది. కోడలెవరో దానికి ఎర్కనా?"

"నీ సదువు నీ కాడ్నే పెట్టుకో."

"పెట్టుకోను! గదే ప్యాకెట్ల మిగిలిన పాలు, గదే వదిన చెయ్యి, గిన్నె ఒక్కటే మారుస్త. పొంగకుంటే రేపే పీహెచ్‌డీ ఇడిశిపెడ్త."

"జర ఆలోచించి మాట్లాడు," అని అన్న నా చెవిలో గొణిగాడు. వింటే నేనెందుకవుతాను?

స్టీలు గిన్నెలో పాలు తెల్లగా లేచి, పొయ్యి మీదుగా పొర్లి గట్టు దాటాయి. వదిన ఏడుస్తూనే నవ్వింది. ల్యాబ్‌లో కూడా నాకు ఏనాడూ అంత చక్కటి ఫలితం రాలేదు.

అక్కడితో ఆగొచ్చు కదా! ఇత్తడి గిన్నె ఎత్తి అందరికీ చూపించాను. "ఇగో, లోపల అంచు కింద చింతపండు గుజ్జు! తోమినోళ్లు సరిగ్గ కడగలె. గింత బద్ధకం ఎవరిది?"

పెద్దమ్మ తాపీగా అంది: "పొద్దుగాల తోమింది నువ్వే గద బిడ్డా!"

ల్యాబ్‌లో గాజుగొట్టాన్ని పదిసార్లు కడిగే మనిషిని నేను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. గిన్నె తోమగానే గృహప్రవేశం కూడా కాదు.

అయినా తల దించలేదు. "అవు, నేనే! అపశకునం నాది. ఇగ వదినను ఎవరన్న ఒక్క మాట అనున్రి, చూస్త!"

పొంగిన పాల సాక్షిగా ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇత్తడి గిన్నె తోమను. పీహెచ్‌డీ మానేస్తానని నోరుజారి కూడా అనను.