ఆరు చెంచాలు, అర చెంచా

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో చింతపల్లి కొండల్లో నర్సుగా పనిచేసేదాన్ని. ఒక వానాకాలం ఓ కొండ ఊళ్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికే నా దగ్గరున్న ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోయాయి. కిందికెళ్లే ఆఖరి జీపు హారన్ కొడుతోంది. అప్పుడొచ్చింది చిలకమ్మ, రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని. ఇంట్లోనే కలిపి పట్టమన్నాను. లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ రోజు తిరగేసి చెప్పాను.

"ఆరు సెంచాలు ఉప్పు, అర సెంచా పంచదార. అంతేనా సిస్టరమ్మా?"

"అంతే. బేగి ఎల్లి పట్టు" అన్నాను, జీపెక్కుతూ.

నేను విన్నానా? చెవిన పడింది. ఏదో తేడాగా ఉందని కూడా అనిపించింది. దిగి సరిచేయడానికి నిమిషం చాలు. దిగలేదు.

మర్నాడు పొద్దున్నే పాపకు ఫిట్స్ వచ్చాయని కింద మా ఆసుపత్రికి మోసుకొచ్చారు. విరేచనాల్లో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. పోయిన మేరకే రెండూ తిరిగి అందాలి. ఉప్పు కాస్త ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి గానీ, అప్పటికే ఒంట్లో నీరు ఇంకిపోయిన పసిదానికి ఆ శక్తి ఎక్కడిది? నెత్తుట్లో చేరిన ఉప్పు మెదడులోని నీటిని లాగేసింది.

ఏం పట్టావని డాక్టరు అడిగారు. చిలకమ్మ చెప్పింది. రుచి చూస్తే నాలుక మండిందట. పాప కక్కేస్తున్నా, సిస్టరమ్మ చెప్పింది కదా అని పట్టిందట. డాక్టరు నా వైపు తిరిగారు.

"నేను సరిగ్గానే చెప్పానండి. ఆమే తిరగేసి వింది."

చిలకమ్మ నన్ను కాసేపు చూసింది. "నానే మరిసిపోయినట్టున్నాను బాబూ" అంది డాక్టరుతో. కోపంగా కాదు. నా మాట నిజంగానే నమ్మింది.

సాయంత్రానికి పాప పోయింది.

తర్వాత ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. జలుబు చేసినా ఎత్తుకుని కొండ దిగి వచ్చేది. మందు సీసా ఇస్తే తీసుకునేది కాదు. "నాకు గురుతుండదు సిస్టరమ్మా, నువ్వే పట్టు" అని బిడ్డను నా ఒళ్లో పెట్టేది. నేను పట్టేదాన్ని. ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. ఎందుకు చెప్పలేదు? మొదట్లో ఉద్యోగం పోతుందని. తర్వాత? ఆమె నన్ను నమ్మడం మానేస్తుందని. నాకు అర్హత లేని ఆ నమ్మకానికి సిగ్గులేకుండా అలవాటుపడ్డాను.

నాకు బదిలీ అయింది. ఆమె ఇంకా ఆ కొండమీదే ఉంది, తన జ్ఞాపకాన్ని తానే నమ్మకుండా. ఆమెకు చెప్పకుండా మీకు చెబితే అది ఒప్పుకోవడమవుతుందా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇంతకాలం నాలో నేను కూడా పూర్తిగా అనుకోని మాట ఒకటుంది. అది రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

చిలకమ్మ ఏమీ మరిచిపోలేదు. తప్పు చెప్పింది నేను.