మంచె దిగిన బావగారు

మా బావగారు పోయిన కబురు నాకు అక్క చెప్పలేదు. ఆయన పొలం పక్కన చిలగడదుంపలు పండించే పెద్దావిడ ఫోన్ చేసి చెప్పింది. అక్క ఆ ఉదయం గుడిలో ఉంది, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంది. అందుకని ఆవిడ తన దగ్గరున్న రెండో నంబరుకి, అంటే నాకు చేసింది. "డాక్టర్ మంచె దిగి కూర్చున్నాడు, ఇక లేవలేదు" అంది ఇంగ్లీషులో. బావగారు మందుల కంపెనీలో పరిశోధన చేసి రిటైరైన మనిషి. వైద్యం చేసే డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ డాక్టర్ అనే పిలిచేది.

గుండెపోటు అన్నారు. నేను అమెరికాలో మేముండే క్యారీ నుంచి డ్రైవ్ చేసుకుని వెళ్ళేసరికి చేయాల్సినదంతా అయిపోయింది, ఆయన మీద దుప్పటి కప్పారు. రైఫిల్ పక్కనే గడ్డి మీద ఉంది. బోల్టు వెనక్కి లాగి, గొట్టం అడవి వైపు తిప్పి పెట్టి ఉంది. తూటాలు ఆయన చొక్కా జేబులో దొరికాయి. గుండెల్లో అంత నొప్పి వస్తున్నా ఆ మనిషి ముందు మంచె దిగారు, తుపాకీ ఖాళీ చేశారు, తూటాలు జేబులో వేసుకున్నారు, ఆ తర్వాతే మంచె గుంజకి ఆనుకుని కూర్చున్నారు. ఫోన్ ప్యాంటు జేబులో ఉంది. ముందు ఆ జేబులో చెయ్యి పెట్టి ఉంటే ఏం పోయేది అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇది చదివేవారికి అనుమానం రావచ్చు. మడీ ఆచారం ఉన్న ఇల్లు, కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు, అందులో తుపాకీ ఏమిటి, అడవిపందుల వేట ఏమిటి అని. చెబుతాను. దానికి ముందు ఆ వారం మా ఇంట్లో నడిచిన తగవు చెప్పాలి. పదో రోజు పిండం ఆ పొలంలోనే పెట్టాలనీ, కాకి అక్కడే ముట్టాలనీ అక్క పట్టుపట్టింది. ఆ పొలంలో ఒక్క మెతుకు కూడా వదలకూడదన్నది బావగారి శాసనం. ఆయన మాట ఆయన కోసమే ఎలా తప్పడం? ముట్టకపోతే ఏం చేయడం? అక్క తిండి మానేసి ఇదే ఆలోచిస్తూ కూర్చుంది.

ఆ శాసనం వెనక మా వాళ్ళ నిర్వాకం ఒకటి ఉంది. బావగారు రిటైరయ్యాక ఊరికి గంటన్నర దూరంలో కాస్త పొలం కొన్నారు. అటు పైన్ చెట్ల అడవి, ఇటు పెద్దావిడ చిలగడదుంపల చేను. కొన్న ఏడాదే కార్తీక వనభోజనాలు అక్కడ పెట్టారు. నార్త్ కరోలినాలో ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? అక్క గరాజ్‌లో కుండీలో పెంచుతున్న మొక్కని వ్యాన్‌లో సీట్ బెల్టు పెట్టి మరీ తీసుకెళ్ళి, దాని ముందు మేమంతా చాపలు పరుచుకుని కూర్చున్నాం. మా నడుముల ఎత్తు కూడా లేని ఆ మొక్క నీడలో భోంచేశామని అందరూ ఫోటోలు పెట్టుకున్నారు.

వంట ఎప్పటిలాగే రెండింతలు చేశారు. పులిహోర ట్రేలకి ట్రేలు మిగిలిపోయింది. చెత్తబుట్టలో వేస్తే పాపం కదా. "నోరులేని జీవాలు తింటాయి" అని ఎవరో అన్నారు, అందరూ భలే అన్నారు. మొత్తం తీసుకెళ్ళి అడవి అంచున కుప్పలు పోసి, చేతులు కడుక్కుని, పుణ్యం మూటగట్టుకుని ఇంటికొచ్చేశాం.

నోరులేని జీవాలు తిన్నాయి. అప్పటిదాకా ఎక్కడో ఏటి పల్లంలో తిరుగుతున్న అడవిపందులు పులిహోర రుచి మరిగి, అది అయిపోయాక పక్క చేలోకి దిగాయి. ఇంకా తవ్వని చిలగడదుంపల సాళ్ళని ట్రాక్టరు తోలినట్టు తిరగేసి వెళ్ళాయి. ఆవిడ ఏడాది కష్టం అది. బావగారు పరుగున వెళ్ళి నష్టం ఎంతో చెప్పమంటే వద్దంది. "గెస్టులు మీవాళ్ళు. సాగనంపే పని కూడా మీదే" అంది. కోపంగా అనలేదు. బహుశా అందుకే ఆయనకి అంతగా తగిలింది.

కంచె వేశారు, పందులు దాని కింద నుంచి తవ్వుకుని వచ్చాయి. బోను పెట్టారు, పిల్లలు పడ్డాయి గానీ పెద్దవి పడలేదు. చివరికి తుపాకీ కొంటానన్నారు. అక్క దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మా పుట్టిల్లు విశాఖపట్నం, ఇలవేల్పు సింహాద్రి అప్పన్న.

"ఏవండీ, మన స్వామే వరాహమూర్తి కదండీ. మీరు పందిని చంపుతానంటే నేను ఏ మొహం పెట్టుకుని దీపం పెట్టాలి?" అంది బయటికి వచ్చాక.

ఆయన కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు జవాబు చెప్పారు. "స్వామి భూమిని పైకెత్తాడు. ఇవి తవ్వి పోస్తున్నాయి. రెండూ ఒకటి కాదేమో."

అక్క ఒప్పుకుంది. షరతులు మాత్రం పెట్టింది. తుపాకీ గరాజ్‌లోని ఇనుప బీరువా దాటి రాకూడదు, ఆయన గరాజ్‌లోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని లోపలికి రావాలి, ఆ మాంసం ఊసు ఇంట్లో ఎత్తకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నారు. మాంసం ఎప్పుడూ పెద్దావిడకే ఇచ్చేసేవారు, ఆవిడ తన చర్చి వాళ్ళతో పంచుకునేది. క్యారీలో మనవాళ్ళు కొందరు ఆయన వెనకాల పందుల సార్ అనేవారు. ఆయనకి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనబడలేదు.

వేట ఆయనకి సరదా కాదు. ఎవరైనా ఎన్ని కొట్టారని అడిగితే మాట మార్చేవారు. సేఫ్టీ క్లాసులో మనవల వయసు వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకున్నారు. కర్రలతో తనే మంచె కట్టుకున్నారు. కాఫీ వాసనకి పందులు రావని, కాఫీ లేకపోతే నిమిషం గడవని మనిషి ఫ్లాస్కు కింద కారులో వదిలేసి మంచె ఎక్కేవారు. ఎక్కేముందు మెల్లగా "అప్పన్నా, నీకూ వీటికీ చుట్టరికం లేదనే అనుకుంటున్నాను" అనేవారు. అది దండమో, సంజాయిషీయో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి నేనూ ఎక్కాను, ఏముంటుందో చూద్దామని. సాయంత్రం ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. దోమలు పీకుతున్నాయి, మాట్లాడకూడదు, కదలకూడదు. నాలాంటిదానికి అది శిక్షే. పైన్ చెట్లలో కాకులు గోల చేస్తున్నాయి. ఆయన చెవి దగ్గరికి వంగి, "వాటికి నన్ను చూస్తే భయం లేదమ్మా. ఉత్త చేతులతో వస్తే నెత్తి మీద వాల్తాయి. ఈ తుపాకీని చూస్తే మాత్రం ఒక్కటీ దగ్గరికి రాదు. పందులకన్నా ముందు చదువుకున్నాయి" అన్నారు.

కాసేపటికి మగపంది వచ్చింది. నల్లగా, మెడ దగ్గర జూలు లేచి, కంచె అవతల చేలోనే నిలబడి సావకాశంగా నేల పెళ్ళగిస్తోంది. నెలల తరబడి ఆయన ఎదురు చూస్తున్నది దాని కోసమే. ఆయన రైఫిల్ భుజానికి ఆనించారు, గురి చూశారు, అలాగే ఉండిపోయారు. తర్వాత దించేశారు. అది తీరిగ్గా తవ్వుకుని, తిని, వెళ్ళిపోయింది.

"ఏమైంది బావగారూ, అంత దగ్గరగా ఉంటే?" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది.

"పంది కనబడితే చాలదు. దాని వెనక మట్టి కనబడాలి" అన్నారు. "దాని వెనక రోడ్డుంది. ఎవరు వస్తున్నారో నాకు తెలీదు."

"ఎవరూ రావట్లేదు కదా."

"ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలీదు."

కిందికి దిగి, చేను దాటి వెళ్ళి పెద్దావిడకి సంగతి చెప్పారు. ఆవిడ పాడైపోయిన సాళ్ళ వైపు చూసి, ఆయన భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆవిడ తన తుపాకీ ఉండే బీరువా తాళంచెవి ఆయనకి తప్ప ఎవరికీ ఇవ్వలేదని తర్వాత విన్నాను.

వనభోజనాలు ఆయన మాన్పించలేదు. ఏటా జరిగేవి. కాకపోతే అందరూ తిన్నాక పెద్ద నల్ల సంచి పట్టుకుని ఆయన చాప చాపకీ వెళ్ళేవారు. "మెతుకు వదలకండి" అన్న ఒక్క మాటే. వచ్చినవాళ్ళు విసుక్కునేవారు. ఇసక నేల కదా, మెతుకు పడితే ఏరడం కష్టం. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఏరేవారు.

ఇక పదో రోజు. వాళ్ళకి ఒక్కతే అమ్మాయి, కర్మ ఆ పిల్లే చేసింది. పొలంలో పిండం అనగానే నా దగ్గరికి వచ్చి, "పిన్నీ, డాడీ రూల్ ఉంది కదా. ఫుడ్ వదిలేస్తే పిగ్స్ వస్తుంది" అంది, కళ్ళనిండా నీళ్ళతో. అక్క వినలేదు. ఆయన ప్రాణం అక్కడ పోయింది, అక్కడే తినాలి అంది. పెద్దావిడకి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది. "ఎంతసేపు కాపలా ఉండాలి?"

"కాకి వచ్చేదాకా" అన్నాను.

"అయితే ఉంటాను" అంది.

మంచె కింద కాస్త దూరంలో అరిటాకు పరిచారు, ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో దొరికేది. అమ్మాయి పిండం పెట్టి దండం పెట్టింది. పెద్దావిడ తన రైఫిల్‌తో మంచె ఎక్కి, అడవి వైపు తిరిగి కూర్చుంది. కర్మ చేయిస్తున్న అయ్యగారు పైకి ఒకసారి చూసి, "అమ్మా, తుపాకీ పహరాలో పిండం పెట్టించడం నాకిదే మొదలు" అన్నారు. మేం దూరంగా జరిగి నిలబడ్డాం.

కాకులు ఉన్నాయి. పైన్ చెట్ల కొమ్మల మీద వరసగా కూర్చుని అరుస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. అక్క చేతులు జోడించి ఒక్కొక్కటే చెప్పుకోవడం మొదలుపెట్టింది. అమ్మాయిని చూసుకుంటానంది. పొలం అమ్మనంది. మందులు వేళకి వేసుకుంటానంది. ఎండ నడినెత్తికి వచ్చింది. సాయంత్రం తను ఇంకోచోట గృహప్రవేశం చేయించాలని అయ్యగారు మెల్లగా గుర్తు చేశారు, ఆవుకి పెట్టినా ఫలమేనన్నారు. అక్క మొహం పాలిపోయింది. "ఆయనకి నా మీద ఏదో కోపం ఉండిపోయింది" అంది నాతో. 

ఉన్నట్టుండి అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని మంచె దగ్గరికి నడిచింది. "అది దించండి" అంది పైకి చూస్తూ, తనకొచ్చిన ఇంగ్లీషులో. "దాన్ని చూస్తే కాకులు రావు. ఆయన చెప్పేవారు."

పెద్దావిడ ఒక్క క్షణం అక్క వైపు చూసింది. నిచ్చెన దిగింది. బోల్టు వెనక్కి లాగి, తూటాలు తీసి చొక్కా జేబులో వేసుకుంది. రైఫిల్‌ని గడ్డి మీద పడుకోబెట్టి, గొట్టం అడవి వైపు తిప్పింది. వయసు మీద పడ్డ మనిషి, నిలబడలేక మంచె గుంజకి ఆనుకుని కూర్చుంది. నేను అటు చూడలేక తల తిప్పుకున్నాను.

మళ్ళీ చూసేసరికి ఆకు మీద కాకి ఉంది. ఏ తొందరా లేకుండా తింది. దాని వెనక ఇంకోటి దిగింది. అమ్మాయి అక్క చెయ్యి పట్టుకుంది.

అవి ఎగిరిపోయాక అయ్యగారు ఇక వెనక్కి చూడకుండా బయల్దేరమన్నారు. అక్క కదల్లేదు. కారులోంచి నల్ల సంచి తెప్పించి, ఆకు మడిచి అందులో వేసి, కాకులు చిందరవందర చేసిన చోట మోకాళ్ళ మీద కూర్చుంది. ఇసకలోంచి ఒక్కో మెతుకూ ఏరసాగింది. అమ్మాయి కూడా పక్కన కూర్చుంది. గుంజకి ఆనుకున్న పెద్దావిడ లేవలేదు. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని, వాళ్ళు ఏరడం అయ్యేదాకా అడవి వైపే చూస్తూ కూర్చుంది.