‘పేరు లేదు’ అన్న తెర

కోరుట్ల దగ్గర కోటలాంటి మా గడీ ఎప్పుడో కూలింది. పేరు చివర ‘దొర’ను మాత్రం నేను వదల్లేదు. చెల్లింపుల యాప్ నడిపే కంపెనీలో డేటా ఇంజనీర్‌ని. గుర్తింపు కార్డుల మీది పేర్లను యాప్‌లోని ఏఐ మోడల్ సులువుగా గుర్తుపట్టాలని, పేరు ముందుండే పొడి అక్షరాలూ ‘గారు’, ‘దొర’ లాంటి మర్యాద మాటలూ తీసేసే కోడ్ రాశాను.

కిందటేడు సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల సంఘానికి ఆ యాప్ చూపించాను. వాళ్లు మెచ్చితేనే ఒప్పందం. ముందుగా నా కార్డే పెట్టాను: వి.ఆర్. దొర. అన్నీ తీసేయగా మిగిలిందేమీ లేక, తెర మీద ‘పేరు లేదు’ అని వచ్చింది.

ముందు వరుసలోని లచ్చవ్వ నవ్వింది. “ఏంది దొరా, నీ పేరే దొరకలేదా? ఆగు, నాది పెడ్త.”

ఆమె పేరు చిటికెలో వచ్చింది.

“నన్నైతే గుర్తువట్టింది. గిది మనసొంటోళ్లదే, తీసుకుందాం” అన్నది.

ఒప్పందం కుదిరింది. ఆ కోడ్‌లో నాకొక మినహాయింపు పెట్టుకోమని స్నేహితులు ఇప్పటికీ అంటారు. మినహాయింపులు అడగడం మా ఇంటా వంటా లేదు.