వంటింటి పైపుకు ఎర్రసిరా పరీక్ష

బడిలో గ్యాసు కొట్టడంలో నాకెప్పుడూ లోటు రాలేదు. సైన్సు సారును గదా. ఇంట్లోకి గ్యాసు తెచ్చుడు దగ్గరికొచ్చేసరికే తిప్పలు మొదలైనయి.

ఎనభైల మొదట్లో ముచ్చట. బచ్చన్నపేట పక్క ఊళ్లో మా ఇల్లు. పెరట్లో గోబర్ గ్యాస్ గుంత కట్టించి ఏడాదైంది. రెండు ఎడ్లు, రెండు బర్లు పెట్టే పెండకు గ్యాసు బాగానే వచ్చేది. పొయ్యి మాత్రం పసుల కొట్టం పక్కన, రేకుల కింద. గాలి వీస్తే మంట ఆరిపోయేది. వాన పడితే నా భార్య ఒక చేత గొడుగు, ఒక చేత గంటె పట్టుకొని వండేది. అదీ కుదరనినాడు వంటింట్లో కట్టెల పొయ్యి, తడిసిన కట్టెలు, పొగ. ఆమె కండ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ కండ్లు చూసి, తర్వాత నా దిక్కు అదోలా చూసేవాళ్లు.

"పైపును వంటింట్ల దాక గుంజుర్రి," అన్నది ఆమె.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ససేమిరా అన్నది. "ఇంట్ల కారితె అందరం ఒక్కపారే పోతం." కోడలు వారం రోజులు బతిమాలితే చివరికి షరతు పెట్టింది. "పొద్దుగాల పైపుల గాలి కొట్టు. పసులు ఇంటికొచ్చేదాక నిలవాలె. కారిందో, పైపు పీకుడే. మల్ల గీ ముచ్చట ఎత్తొద్దు."

గుంత కట్టిన జనగామ మేస్త్రీ దసరా దాటితే గాని రానన్నాడు. అంతదాకా ఆగితే నేను సైన్సు సారునెట్లయిత? ఇనుప పైపులు, ఐదు మూలలకు ఐదు ఎల్బోలు, మరలకు చుట్టే జనపనార, గాలి కారకుండ పైన పూసే సఫేదా జనగామలో కొని, బస్సు మీదేసి తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చొని నేనే బిగించిన.

పరీక్ష రోజు పొద్దున్నే గుంత వైపు గ్యాసు ఆపే కాక్ మూసిన. వంటింటి చివరన, మేస్త్రీలు మట్టం చూసే, లోపలి నీళ్లు కనబడే గొట్టాన్ని ఒక కొస పైపుకు తొడిగి, ఉయ్యాల లెక్క వంచి కట్టి, సగానికి నీళ్లు పోసిన. బాగా కనబడాలని బడి ఎర్రసిరా కలిపిన. సైకిల్ పంపుతో కొడితే పైపులో గాలి ఒక పక్క నీళ్లను తొక్కుతుంది, రెండో పక్క నీళ్లు లేస్తయి. గాలి కారకుంటే లేచినవి లేచినచోటే ఉంటయి. అంతే సైన్సు. మరి ఎంత కొట్టాలె? మొదటి దెబ్బకే సిరా అంతా ఎగిరొచ్చి నా తెల్ల బనీను మీద పడ్డది.

"హోలి ఎప్పుడొచ్చింది సారూ?" అన్నది నా భార్య.

రెండోసారి మెల్లగ కొట్టిన. నీళ్లు జానెడు లేచినయి. అక్కడ గోడ మీద బొగ్గుతో గీత గీసిన. ఆమె కుంకుడు నురగ తెచ్చి, కనబడ్డ అతుకుకల్లా పూసింది. ఒక్క బుడగ లేవలేదు. నేను మీసం దువ్విన.

పగటి అన్నానికి లేచి చూస్తే నీళ్లు గీతకు బెత్తెడు కింద ఉన్నయి!

మళ్ల నురగ పూసినం. మళ్ల బుడగ లేదు. గాలి పోతున్నది, పోయే దారి లేదు. పైపు పొడుగునా చెవి పెట్టుకుంట పోయిన. వంటింటి పొయ్యి దగ్గరికొచ్చేసరికి చెవికి గోడలకు పూసే ఎర్రటి జాజు అంటింది. ఇనుప పైపుకు జాజు ఏంది? అప్పుడు ఎల్బోలు లెక్కబెట్టిన. బిగించినవి ఐదు, కనబడేవి నాలుగు.

"అవ్వా, గిక్కడ ఏం జేసినవే?"

"దసరా గదరా కొడుకా. పొద్దు పొడవకముందే ఇల్లు అలికిన. జాజు పూసిన గోడకు గా బోడి పైపు కనబడితె ఎవలన్న నవ్వరా? దానికి గూడ జర పెండ మన్ను మెత్తి జాజు పూసిన."

పొద్దున తడి మన్ను ఓటిని మూసిపెట్టింది. పగటికి ఎండి, కనబడని నెర్రెలిచ్చింది. మన్ను గీకి, ఎల్బో విప్పి చూస్తే మరకు నార లేదు. బిగించేటప్పుడు చాయ్ తాగొచ్చి చుడుదామని లేచిన. చాయ్ తాగిన, నారను మరిచిన. పిల్లల తప్పులు దిద్దే సిరా సారు తప్పునూ వదల్లేదు.

నా భార్య కొంగు బిగించి పెరటి దిక్కు నడిచింది.

"యాడికే?" అన్నది అవ్వ.

"కట్టెలకు, అత్తమ్మా. కారింది గద."

అవ్వ ఆకాశం దిక్కు చూసింది, గోడ దిక్కు చూసింది, నా ఎర్ర బనీను దిక్కు చూసింది.

"పసులింక రాలేదు గద పిల్లా? నేనేమన్న? పసులొచ్చేదాక అన్న. ఓ సారూ, నార చుట్టు. ఈపారి చాయ్ లేదు నీకు."

నార చుట్టి, సఫేదా పెట్టి, గట్టిగ బిగించిన. మళ్ల గాలి, మళ్ల గీత. ఐదు ఎల్బోలకూ నురగ పూసినం. పీట వేసుకొని గొట్టం ముందు కూసున్నది అవ్వే. మమ్ముల దగ్గరికి రానియ్యలేదు, మా ఊపిరి తగిలితె నీళ్లు కదులుతయట.

పొద్దు గూకంగ గంటల చప్పుడైంది. ఎడ్లు ముందు, బర్లు వెనుక వాకిట్లకొచ్చినయి. సిరా గీత మీదనే ఉన్నది. పసులను కట్టేసేందుకు కూడా ఎవరం లేవలేదు, ముగ్గురం నవ్వుకుంట నీళ్లనే చూస్తున్నం.

గొట్టం తీసి, పొయ్యి తగిలించి, గుంత కాక్ విప్పి, పైపులో గాలంతా పోయినంక పొయ్యి వెలిగించినం. నీలంగా, చప్పుడు లేకుండా మండింది. నాకు చాయ్ దొరికింది, ఆఖరుకు.

అవ్వ చాయ్ తాగి, జాజు ముంత పట్టుకొని ఆ ఐదో ఎల్బో దగ్గర నిలబడ్డది. నన్ను కాదు, కోడలిని అడిగింది.

"ఇగ పూయాల్నా?"

"పూయుర్రి అత్తమ్మా. ముగ్గు నేనేస్త."