మా బావగారి గారపళ్ళు

మా వియ్యంకుడు పోయాడు. పోయిన శనివారం పొద్దున గొర్రెలను బయటికి తోలి, దొడ్డి తడిక మూసి, దానికి ఆనుకునే కూర్చుండిపోయాడట. ఫోను మా కోడలికి వచ్చింది. ఆ పిల్ల ఏడవకుండా నా దగ్గరికి వచ్చి, "మామయ్యా, మా నాయన ఇంక మిమ్మల్ని ఎగతాళి చెయ్యడు" అన్నది. ఆ మాట అన్నాక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరేమనుకున్నా నాకు లెక్క లేదు.

సంఘం పత్రికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగారు. ఆదివారం బడిలో వాక్యాలు చదవడానికి నేర్చిన అక్షరాలే నావి. అయినా ఇంకొకరి చేత రాయిస్తే అవి వాళ్ళ మాటలవుతాయి. అందుకని నేనే కూర్చున్నాను.

ఆయనది ఉదయగిరి వైపు మెట్ట. గొర్రెలు, కాస్త కంది చేను. నాది కావలికి తూర్పున సముద్రం పక్కన ఉప్పు కొఠార్ల ఊరు. మడుల్లో ఉప్పునీళ్ళు పెట్టి, ఎండనిచ్చి, ఉప్పు తీసే పని మాది. మా నాయన అదే చేశాడు, నేనూ అదే చేశాను. ఆ పని చేతకానివాడు నా కంటికి సగం మనిషే. అలాంటి నేను గొర్రెలు కాసేవాడితో వియ్యం అందుకోవడం మా ఊళ్ళో వింత.

పిల్లను చూడడానికి వెళ్ళిన రోజు ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. నోటినిండా గారపళ్ళు, బెల్లం రంగులో. నా భార్య నన్ను మోచేత్తో పొడిచింది. అది ఆయన చూశాడు.

"చూడండమ్మా, దాచేదేముండాది? మా ఊరి నీళ్ళల్లో ఫ్లోరిన్. ఇవి ఇత్తడి పళ్ళు, చింతపండు పెట్టి తోమినా రంగు తిరగవు" అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. నా వైపు తిరిగి, "మీవి మల్లెమొగ్గల్లా ఉండాయే బావగారూ. అంగట్లో తెచ్చినారా?" అన్నాడు.

నావి కట్టుడు పళ్ళని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నా ముఖం మీద అన్నవాడు మాత్రం అప్పటిదాకా లేడు. చుట్టూ ఇరవై మంది. నాకు ఒళ్ళు మండింది.

"సముద్రం గాలి తినింది మా పళ్ళని" అన్నాను.

"సరిపోయింది. మమ్మల్ని నీళ్ళు తినినాయి, మిమ్మల్ని గాలి తినింది. ఇంక సంబంధం కుదిరినట్టే" అన్నాడు. అందరూ నవ్వారు. చివరికి నేనూ నవ్వాను. పెళ్ళి అయింది.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి ఎప్పుడు వచ్చినా వీధి మలుపులోనే గొంతు వినబడేది. "ఉప్పుబావా! ప్రాణంతో ఉండావా, ఎండిపోయినావా?" అనేవాడు. "నీళ్ళు లేని ఊరోడా, దా, కాళ్ళన్నా కడుక్కో" అనేవాణ్ణి. భుజాన సంచిలో కందులో, కాలం వస్తే సీతాఫలాలో ఉండేవి. లోపలికి వస్తూనే చెంబుతో నీళ్ళు అడిగి, నిలబడి, కళ్ళు మూసుకుని తాగేవాడు. తాగినంతసేపూ మాట్లాడడు. తాగాక ఇంక ఆగడు. "మెట్టోడికి బావిలో నీళ్ళుండవు బావా, అందుకే నోట్లో మాటలుంటాయి" అనేవాడు. చేప తినడం ఆయనకు చివరిదాకా రాలేదు. నా భార్య ముళ్ళు తీసి పెడుతుంటే చిన్నపిల్లాడిలా ఎదురుచూసేవాడు.

మా మనవరాలు వాళ్ళ ఊళ్ళోనే పుట్టింది. మొదటి కాన్పు కదా, ఆయన వచ్చి కూతురిని తీసుకుపోయాడు. పిల్ల నడక నేర్చేదాకా తల్లీబిడ్డలు ఎక్కువగా అక్కడే ఉన్నారు. నడక వచ్చాక చూస్తే కాళ్ళు విల్లులాగా వంగి ఉన్నాయి. బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడిచేది. మూడేళ్ళు నిండకుండానే ముందు పన్ను ఊడింది. ఆయన ఒళ్ళో కూర్చుని జామకాయ ముక్క కొరుకుతుంటే ఊడి చేతిలోకి వచ్చిందట. అందరూ చేసినట్టే ఆయనా దాన్ని ఇంటికప్పు మీదికి విసిరేశాడు.

ఇంక ఎవరినీ అడిగే పని లేకపోయింది. ఫ్లోరిన్ అన్నారు. నా భార్య అన్నది, చుట్టాలన్నారు, నేనూ అన్నాను. తాత నోరు చూస్తే సాక్ష్యం అక్కడే కనబడుతుంది కదా. మెట్టలో ఎముక వంగితే నీళ్ళంటారు. మా వైపు కాలు పాడైతే ఉప్పంటారు. నా పాదంలో ఒక ఎముక చిట్లి ఏడాదైనా అతుక్కోలేదు. "ఉప్పు తిన్న కాలు అట్లే ఉంటది" అన్నారు, నేనూ అదే అనుకుని కర్ర పట్టుకున్నాను.

మా అందరికన్నా ఎక్కువగా నమ్మినవాడు ఆయనే. ఒకరోజు వీధి మలుపులో గొంతు వినబడకుండానే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"నా నీళ్ళే గదా బావా. ఈడనే కాన్పు చేయించుకుంటానని మా బిడ్డ అనింది. నేనే పట్టుబట్టి తీసకపోయినా" అన్నాడు.

నేను లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

ఆ తర్వాత పిల్ల వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా దూరాన ఉన్న ప్లాంటు నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చేవాడు. తాగడానికే కాదు, స్నానానికి కూడా. "ఒంటికి పోసుకుంటే ఏమయిద్దయ్యా?" అంటే, "ఏమో బావా, చర్మంలో నుంచి ఇంకిద్దేమో" అనేవాడు. ఆ ఏడాదంతా నన్ను ఒక్క ఎగతాళి మాట అనలేదు. నేను కావాలని కెలికినా నవ్వి ఊరుకునేవాడు. అరిచే మనిషి అరవకపోతే ఇల్లు పాడుబడినట్టు ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

పిల్లకు కాల్షియం సిరప్పులు, విటమిన్ పొడులు చాలా పట్టారు. కాళ్ళు సరికాలేదు. చివరికి ఎముకల డాక్టరు, ఎముక కోసి నిటారుగా అమర్చాలన్నాడు. ఆపరేషనుకు రోజు కూడా పెట్టారు. ఆ డాక్టరును తప్పు పట్టను. వంగిన కాళ్ళు, ఉదయగిరి నీళ్ళు అని చెబితే ఎవరైనా అదే అనుకుంటారు. ఆపరేషనుకు ముందు మామూలుగా రక్తపరీక్షలు చేస్తారు కదా, అవి చేయించి నెల్లూరులో పిల్లల డాక్టరమ్మకు చూపించి రమ్మన్నారు. నేను, నా కొడుకు, కోడలు, వియ్యంకుడు, అందరం వెళ్ళాం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పరీక్ష కాగితం ఒకసారి చూసి, పిల్లను చూసి, మళ్ళీ కాగితం చూసింది. పాత కాగితాలున్నాయా అని అడిగింది. కోడలు ఇచ్చింది.

"ఇది ప్రతిసారీ తక్కువే వచ్చింది. ఎవరూ చెప్పలేదా?" అన్నది.

"తక్కువంటే మంచిదే గదా మేడమ్" అన్నాడు నా కొడుకు.

"నాకు షుగరు తక్కువొస్తే ఆ పొద్దు ఇంట్లో పండగ తల్లీ" అన్నాడు మా వియ్యంకుడు. ఆ ఏడాదిలో ఆయన నోట వచ్చిన మొదటి హాస్యం అదే. ఆమె నవ్వి, మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. ఎముక గట్టిపడడానికి ఒంట్లో ఒక పదార్థం పనిచేయాలట. దాన్ని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంటారట. ఎదిగే పిల్లలకు అది పెద్దవాళ్ళకన్నా ఎక్కువ ఉండాలి. మా పిల్లకు పెద్దవాళ్ళకన్నా బాగా తక్కువ ఉంది.

"ఫ్లోరిన్ ఎముకలకు పట్టినవాళ్ళలో ఇది పెరుగుతుంది పెద్దాయనా, ఇలా తగ్గదు. పాపకు మొదటి పన్ను ఊడినప్పుడు దానికి వేరు ఉందా?"

"ఉండాది తల్లీ, నా చేతిలోనే ఊడింది. తుమ్మముల్లంత వేరు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "పాలపన్ను అలా ఊడదు. వేరు కరిగిపోయాక ఊడుతుంది, అదీ ఆరేళ్ళ వయసులో. ఇది నీళ్ళ వల్ల వచ్చింది కాదనిపిస్తోంది. పుట్టుకతో, కుటుంబంలోంచి వచ్చే జబ్బు ఒకటుంది, చాలా అరుదు. మీలో ఎవరికైనా చిన్న వయసులోనే పళ్ళు ఊడిపోయాయా? విరిగిన ఎముక అతుక్కోకుండా ఉండిపోయిందా?"

అందరూ ఆయన నోటివైపే చూశారు. నా కొడుకు చూశాడు, కన్నకూతురూ చూసింది. ఆయన నోరు బాగా తెరిచి చూపించాడు.

"రంగు చెడినాయిగానీ తల్లీ, ఒక్కటి కూడా ఊడలా. ఇప్పటికీ చెరుకు నములుతా."

అంతటితో నోరు మూసుకున్నాడు. ఆ క్షణంలోనే ఆయనకు తెలిసిపోయింది. ఇరవై మందిలో "అంగట్లో తెచ్చినారా" అన్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఏడాదిగా మోస్తున్న బరువు దించుకోవడానికి ఒక్క మాట చాలు. నా వైపు వేలు చూపించినా చాలు. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. గోడ మీద చంటిపిల్లల టీకాల బొమ్మ ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆయన గనక నన్ను చూపించి ఉంటే నేను లేచి బయటికి పోయేవాణ్ణి. నా స్వభావం నాకు తెలుసు.

నేను పైవరసా కిందవరసా రెండూ తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. "మామయ్యా!" అన్నది కోడలు. ఆ పిల్ల నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. ముప్పై అయిదుకే పళ్ళన్నీ వేళ్ళతో సహా పోయాయని, పాలపళ్ళు కూడా తొందరగానే ఊడాయని మా అమ్మ చెప్పేదని, కాలు ఏడాదిగా అతకలేదని చెప్పాను. నోట్లో పళ్ళు లేక మాటంతా గాలైపోయింది. డాక్టరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, "మా బావగారు చెప్పేదేందంటే తల్లీ" అని మొదలుపెట్టి, నేను చెప్పిందంతా ఒక్కొక్క మాటే ఆమెకు మళ్ళీ చెప్పాడు. దేన్నీ పెంచలేదు, దేన్నీ తగ్గించలేదు.

నాకూ నా కొడుక్కీ రక్తం తీశారు. ఇద్దరికీ అది తక్కువే ఉంది. ఇంకో పరీక్షకు రక్తాన్ని పెద్ద ఊరికి పంపితే అక్కడా అదే ఖాయమైంది. హైపోఫాస్ఫటేసియా అని కోడలు రాసి ఇచ్చింది. ఆ పేరు నా కట్టుడు పళ్ళకు తిరగదు. ఆపరేషను ఆపేశారు. ఇలాంటి ఎముకను కోస్తే మళ్ళీ అతకడం కష్టమయ్యేదట. సిరప్పులూ పొడులూ మానిపించారు, అవి ఈ జబ్బులో మేలుకన్నా కీడే చేయవచ్చట. నా కాలు చూసిన డాక్టరు ఎముక గట్టిపడడానికి వేద్దామనుకున్న ఇంజెక్షను కూడా వద్దన్నారు. మందు ఉందిగానీ మన చేతికందేది కాదని, అయినా పిల్లది తేలిక రకమేనని, కనిపెట్టుకుని పెంచితే తన కాళ్ళ మీద తాను నడుస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

మొదటి రోజు బయటికి వచ్చాక ఆయన ఆసుపత్రి గోడ పక్కన నిలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

"నా నీళ్ళు కాదంట బావా" అన్నాడు.

"కాదు. నా రక్తం" అన్నాను.

ఆయన ముఖం తుడుచుకుని నా కర్ర తీసి నా చేతికి ఇచ్చాడు. "ఆకలవతా ఉండాది. దా, కారం దోశ తిందాం" అన్నాడు.

తర్వాత వచ్చినప్పుడు వీధి మలుపులోనే మళ్ళీ "ఉప్పుబావా!" వినబడింది. పాత ఎగతాళి అంతా తిరిగి వచ్చింది. నా పిసినారితనం, నా కోపం, ఏదీ వదల్లేదు. "నువ్వు గుళ్ళో పాట ఎత్తుకుంటే తూర్పుగాలి పడమటికి తిరిగిద్ది" అనేవాడు. నేను మాత్రం ఒక్క మాట కోసం కాచుకున్నాను. అంగట్లో పళ్ళన్న మాట. ఏళ్ళు గడిచినా అది రాలేదు. ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఉండబట్టలేక నేనే ఎత్తాను.

"నాకు మాంసం వద్దులే బావా. కొన్న పళ్ళు, నమల్లేవు" అన్నాను.

ఆయన విస్తరి మీదికి వంగి, "కూరే ఉడకలా బావా. నాకూ నమలబడలా" అన్నాడు. చెరుకు నమిలే మనిషి.

చదివేవాళ్ళకు నాదొక మాట. పరీక్ష కాగితంలో ఎక్కువ వచ్చినదాన్నే కాదు, తక్కువ వచ్చినదాన్ని కూడా ఏమిటని డాక్టరును అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ను సమాధుల తోటకు తీసుకుపోయాం. గుడి దగ్గర నుంచి అక్కడికి రాళ్ళదారి, పైకి ఎక్కాలి. పెట్టె మోసేది గొర్రెల వెంట తిరిగే కుర్రవాళ్ళు, వాళ్ళ అడుగు పెద్దది. మా మనవరాలికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. పెట్టె వెనకే వస్తుంటే, నా కొడుకు వంగి ఎత్తుకోబోయాడు.

"వద్దు నాన్నా, నేను నడుస్తా. తాత దగ్గరికి నేనే నడుస్తా" అన్నది.

ముందు మోస్తున్నవాడు వెనక్కి తిరిగి చూశాడు. "మెల్లంగా రాండ్రా" అన్నాడు పక్కవాళ్ళతో. వాళ్ళ అడుగు తగ్గింది. వాళ్ళను చూసి పాడేవాళ్ళ పాట తగ్గింది, వెనక ఊరంతా తగ్గింది. నెత్తి మీద ఎండ కాస్తున్నా ఎవరూ తొందర పెట్టలేదు. ఆ పిల్ల రాళ్ళ మధ్య చోటు చూసుకుని అటు ఊగి ఒక కాలు, ఇటు ఊగి ఒక కాలు పెడుతున్నది. ఆమె కాలు నేల మీద ఆనాకే పెట్టె ఇంకొక అడుగు ముందుకు కదిలేది.