నొప్పిలేని చెయ్యి

చిక్కడపల్లిలో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో విజయశ్రీ తన ఫిజియోథెరపీ క్లినిక్ నడపబట్టి ఇరవై ఆరేళ్లయింది. మోచేయి నొప్పితో ఎవరొచ్చినా ఆమె ముందు నొప్పిలేని చేతినే చూస్తుంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. క్లినిక్ పెట్టిన కొత్తలో బుచ్చిబాబు అనే దర్జీ స్కూటర్ మీంచి పడి ఆమె దగ్గరికి వచ్చాడు. దెబ్బ తగిలిన మోచేతిని పక్కకు నెట్టి చూస్తే కీలు వదులుగా తోచింది. ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటు తెగిందనుకుని, ఆరు వారాలు చెయ్యి కదలకుండా కట్టు వేసింది. ఆయన రెండో మోచెయ్యి కూడా పుట్టుకతో అంతే వదులని తర్వాత గాని తెలియలేదు. అప్పటికే కీలు బిగుసుకుపోయింది. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు.

"నువ్వేం కావాలని చేశావా అమ్మాయ్?" అని ఆయనే ఆమెను ఓదార్చాడు. తిట్టినా అంత బాధపడేది కాదు. ఇప్పటికీ నారాయణగూడలో ఆయన మిషన్ ముందు ఒక పక్కకు ఒరిగి కూర్చుని కుడుతుంటే, ఆగి పలకరించకుండా ఆమె ముందుకు కదలదు.

కిందటి వేసవిలో సింధూర వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉంటూ ఎస్సై ఉద్యోగానికి తయారవుతున్న అమ్మాయి. పరుగు సాధనలో కుడి చేతి మీద పడింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది గానీ నొప్పి తగ్గలేదు.

"గ్రౌండ్‌ల కోచ్ పట్టి చూసిండు మేడం. లిగమెంట్ తెగిందంట, ఈసారి షాట్‌పుట్ వదిలెయ్ అన్నడు. అది పాస్ కాకుంటే ఉద్యోగం రాదు. రెండేండ్ల సంది చదువుతున్న. ఇంట్ల ఏమని చెప్పాలె?"

"చెప్పుడు తర్వాత. ఎడమ చెయ్యి ఇయ్యి."

"నొప్పి కుడి చేతికి మేడం!"

"తెలుసు. ఇయ్యి."

ఎడమ మోచేతిని కొద్దిగా వంచి, పై భాగాన్ని కదలకుండా పట్టుకుని, ముంజేతిని మెల్లగా బయటికి, తర్వాత లోపలికి నెట్టింది. కీలు కాస్త తెరుచుకుని, ఒక చోట గట్టిగా ఆగింది. కుడిదీ అంతే తెరుచుకుంది, అక్కడే ఆగింది. రెండు చేతులూ చాపమంటే మోచేతులు రెండూ కాస్త వెనక్కి వంగాయి. కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవమంది. కీలు జారిపోతుందన్న భయం ఉన్నవాళ్లు అక్కడే తడబడతారు. సింధూర నిక్షేపంగా లేచింది. చివరికి మోచేతి బయటి వైపు ఎముక దగ్గర వేలితో నొక్కితే మాత్రం "అమ్మా!" అని చెయ్యి లాక్కుంది. అది కండరం మొదలయ్యే చోటు.

తెగలేదు అని విజయశ్రీ నోటి దాకా వచ్చింది. అంతలో అనుమానం పట్టుకుంది. ఒకప్పుడు లేని గాయాన్ని చూసింది. ఆ భయంతో ఇవాళ ఉన్న గాయాన్ని చూడనంటోందేమో. చేతులు కడుక్కుని వచ్చి, మళ్లీ ఎడమ చేతి నుంచి మొదలుపెట్టింది. రెండోసారీ అదే తేలింది.

"నాకు తెగినట్టు అనిపిస్తలేదు. నీ కీళ్లే జర వదులు, నొప్పి కండరానిది. కానీ నా మాట ఒక్కటే నమ్మకు. స్కానింగ్ చేయించుకో. అప్పటిదాక షాట్‌పుట్ గుండు ముట్టొద్దు."

సింధూర కళ్లు తుడుచుకుంది. "ఇన్ని దినాలు చెయ్యి పోయిందనే అనుకున్న మేడం."

స్కానింగ్‌లో లిగమెంటు చెక్కుచెదరకుండా ఉంది. మూడు వారాలు రబ్బరు పట్టీతో కసరత్తు చేయించి, ఆ తర్వాతే గుండు పట్టనిచ్చింది.

షాట్‌పుట్ పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. "గుండు రెండుసార్లు గీత దాటలే మేడం. మూడోసారి దాటింది!"

"నొప్పుందా?"

"జర ఉంది."

"అయితే సాయంత్రం రా, చూస్త" అంది విజయశ్రీ.