గద్దంటే గద్దనే

పోలీసు చర్యకు ఏడాది ముందు నన్ను నల్లగొండ అదాలత్‌లో ముతర్జిమ్‌గా వేశారు. అంటే తర్జుమా చేసే గుమాస్తా. అప్పుడు కోర్టు భాష ఉర్దూ. తెలుగులో వచ్చిన ప్రతి కాగితాన్నీ ఉర్దూలోకి మార్చి, అసలుకు సరిపోయిందని కింద నేను దస్తఖత్ పెడితేనే మున్సిఫ్ దాన్ని సాక్ష్యంగా తీసుకునేవారు. మున్సిఫ్ అంటే న్యాయాధికారి.

చేరిన కొన్నాళ్లకు నా బల్ల మీదికి ఒక పాట వచ్చింది. మోత్కూర్ దగ్గరి పల్లెలో మగ్గం నేసే ఈరమ్మ దాన్ని అంగడిలో పాడి, జనాన్ని దొర మీదికి రెచ్చగొట్టిందని కేసు.

గడప ముంగట గద్ద, గాలిల తిరిగే గద్ద
గంప కింది పిల్లల మీద గోళ్లు దీసే గద్ద
గుండ్రాళ్లు ఏరుకోండ్రి, గుంపు గూడి రాండ్రి

పోలీసులు తమ తర్జుమా ఒకటి జతచేశారు. అందులో గద్ద అన్న చోటల్లా ‘దొర’ అని ఉంది. పైగా, ఇన్ని ‘గ’లు వరసగా రావడం దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల సంకేతమనీ, ‘గ’ అంటే గుత్ప, వాళ్లు పట్టుకు తిరిగే దుడ్డుకర్ర అనీ ఠాణా అధికారి అమీన్ రాశాడు.

ఆయనే నా దగ్గరికి వచ్చాడు. “పంతులూ, పిల్లలు గలోనివి. దస్తఖత్ జేసి ఇంటికి పో.”

“గద్ద ఉన్నకాడ గద్దనే రాస్త. దొర అని నాతోని రాయించలేవు” అన్నాను.

భయం వేయలేదని చెప్పను. అయినా నా తర్జుమా నేను రాసి పెట్టాను.

విచారణలో రెండు తర్జుమాలు ఎందుకు కలవడం లేదని మున్సిఫ్ అడిగారు. పోలికనూ, పోల్చిన వస్తువునూ రెండూ చెబితే ఉపమ, ఉర్దూలో తష్బీహ్ అని విన్నవించాను. పోలిక ఒక్కటే చెప్పి అసలు వస్తువును మింగేస్తే రూపకాతిశయోక్తి, ఉర్దూ కవుల ఇస్తిఆరా. పాడిన మనిషి చెప్పని పేరును చేర్చే అధికారం తర్జుమాదారుకు లేదన్నాను. ఇక ‘గ’ల సంగతి వృత్త్యనుప్రాస. ఒకే హల్లు మళ్లీ మళ్లీ వస్తే పాట నోటికి పడుతుంది, అందులో కర్రలేమీ లేవు.

మున్సిఫ్ గజళ్లంటే ఇష్టపడే మనిషి. గద్ద ఎవరో ఈరమ్మనే అడగమన్నారు. అడిగాను.

“గద్దంటే గద్దనే అయ్యా. మా కోడిపిల్లల ఎత్కపోతది. అమీన్ సాబ్‌కు దొర యాదికొస్తే నేనేం జెయ్యాలె?”

మాటకు మాట ఉర్దూలో చెప్పాను. గద్ద అంటే దొర అని మీకెవరు చెప్పారని మున్సిఫ్ అమీన్‌ను అడిగారు.

“అందరికీ ఎరుకే హుజూర్” అని అమీన్ నాలుక కరుచుకున్నాడు. వెనక నిలబడ్డ నేతపనివాళ్లు పగలబడి నవ్వారు.

పాట మీద నేరం కొట్టేశారు. అంగడిలో గుంపు చేర్చినందుకు మాత్రం ఈరమ్మకు జైలు పడింది. నన్ను మహబూబ్‌నగర్ రికార్డు గదికి బదిలీ చేశారు.

పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. సంఘానికి జడిసి ఊరు విడిచి పారిపోయిన దొర కాంగ్రెస్ తెల్ల టోపీ పెట్టుకొని తిరిగి వచ్చాడు. కొత్త అధికారులు అదే పాటకు ఈరమ్మను మళ్లీ పట్టుకున్నారు. నన్ను పిలిపించి, ఈసారి ఇంగ్లీషులోకి మార్చమన్నారు. గద్ద ఎవరో పక్కన రాయమని కూడా చెప్పారు. రాయలేదు.

కొత్త మిలిటరీ అధికారి కచేరీ వరండాలో ఈరమ్మ నన్ను గుర్తుపట్టింది. “పంతులూ, గద్దను గద్దనే రాసిండ్రా?”

“గట్లనే రాసిన.”

“మంచిగ జేసిండ్రు” అని, జవాన్లు లారీ ఎక్కిస్తుంటే పాట అందుకుంది. ఊరుకోమని వాళ్లు అరిచినకొద్దీ గొంతు పెంచింది. ఆ అధికారికి అలంకారాలతో పని లేదు. ఆమెను జైలుకే పంపాడు.

ఉద్యోగం చివరిదాకా నేను పాటించిన నియమం ఆ కేసులో కుదిరింది. కవి దాచిన పేరును తర్జుమాదారు బయటపెట్టకూడదు. అడిగింది నిజాం సర్కారైనా, ఢిల్లీ సర్కారైనా.